నేల విడిచిన నాదం

సంధులూ సమాసాలూ ఛందస్సూ చెప్పుకొంటూ ముప్పైమూడేళ్ళు గడిపి విశ్రాంతి తీసుకొన్న తెలుగు పండితుణ్ణి. వ్యాకరణం గురించి అయితే నాలుగు మాటలు వ్రాయడానికి నాకు కొంత అధికారం ఉంది. ఈసారి మాత్రం అధికారం లేని చోట అడుగు పెడుతున్నాను. విషయమేమంటే ఒక బేస్ గిటారు, దాని యాంప్లిఫయరు, వాయించేవాడి పాదాల దగ్గర పరచుకొనే పెడళ్ళు, వీటి నడుమ ఎక్కడినుంచో పుట్టుకొచ్చే ఒక హోరు. "పండితులవారికి ఈ వయస్సులో ఇదేమి వ్యసనం?" అని మీరనుకోవచ్చు. చివరిదాకా చదివిన తరువాత కూడా అలాగే అనిపిస్తే ఆ మాటనే వ్యాఖ్యగా వ్రాయండి. నొచ్చుకోను.

2024 వినాయక చవితికి వారం ముందు మా దౌహిత్రుడు హైదరాబాదు నుంచి బోధన్ వచ్చాడు. ఇంజనీరింగు చదువుతున్నాడు. చదువుతున్నాడనే మా అమ్మాయి నమ్మకం. వీపున ఒక పొడవాటి సంచి, ఒక చేతిలో పెట్టె, ఇంకొక చేతిలో బరువైన డబ్బా వంటి యాంప్లిఫయరు. మా వీధి మండపంలో ఐదవ నాటి రాత్రి మిత్రులతో కలిసి వాయిస్తానని ఒప్పుకొని వచ్చాడట. మధ్యగదిలో సరంజామా పరచి, తీగలన్నీ తగిలించి, మీట నొక్కాడు.

వాడింకా తంత్రిని ముట్టుకోలేదు. అయినా గది నిండా "హుఁ..." అని ఒక ధ్వని నిండుకొంది. మా సంగీతశాస్త్రం నాదాన్ని ఆహతమనీ అనాహతమనీ రెండు విధాలుగా చెబుతుంది. కొడితే పుట్టేది ఆహతం, కొట్టకుండానే పుట్టేది అనాహతం. అది యోగులకు మాత్రమే వినిపిస్తుందని చదువుకొన్నాను. "ఏమిరా, అనాహతనాదాన్ని ఇంత సులభంగా సాధించావు?" అన్నాను.

వాడు నవ్వలేదు. "తాతయ్యా, హాస్టల్ల ఇంత హమ్ము లేదు. మీ బోధన్ కరెంటే ఇట్లుంటదా?" అన్నాడు.

ఊరిని అంటే పౌరుషం రాదూ! పైగా మా ఊరికి హోరు కొత్త కాదు. 1937లో నిజాం ప్రభుత్వం స్థాపించిన చక్కెర కర్మాగారం ఇక్కడి శక్కర్‌నగర్‌లోనిదే. గానుగ కాలం వచ్చిందంటే రాత్రంతా ఊరి మీద ఒక గంభీరమైన హోరు పరచుకొని ఉండేది. చెరకు బండ్లు బారులు తీరి ఉండేవి. ఆ హోరులోనే మా పిల్లలు నిద్రపోయారు, ఆ హోరులోనే నేను పరీక్ష పత్రాలు దిద్దాను. 2015 డిసెంబరులో కర్మాగారం మూతపడింది. ఆ తరువాతి రాత్రులు ఎంత నిశ్శబ్దంగా ఉండేవంటే నిద్ర పట్టేది కాదు. హోరు ఆగితే మేలే జరిగినట్టు కాదని నాకు ఆనాడే తెలుసు. నిజానికి అంతకు చాలాముందే తెలుసు. ఆ సంగతికి తరువాత వస్తాను.

సరే, వాడికి ఇంజనీరింగు వచ్చు, నాకు తర్కం వచ్చు. పండిత శిక్షణ రోజుల్లో అన్నంభట్టు తర్కసంగ్రహం చదివినవాణ్ణి. ఏది ఉంటే ఏది ఉంటుందో అది అన్వయం, ఏది లేకపోతే ఏది ఉండదో అది వ్యతిరేకం. కారణాన్ని పట్టుకోవడానికి ఇంతకన్న గొప్ప పనిముట్టు లేదు. "ఒక్కొక్కటే తీసివేస్తూ పోదాం. ఏది తీస్తే హోరు పోతుందో అదే దొంగ" అన్నాను. వాడు అప్పటిదాకా అన్ని పెడళ్ళ మరలనూ ఒకేసారి తిప్పుతూ కూర్చున్నాడు. రెండు మార్పులు ఒకేసారి చేస్తే ఫలితం దేనివల్ల వచ్చిందో బ్రహ్మకు కూడా తెలియదు.

మొదట యాంప్లిఫయరును ఏకాకిని చేశాము. గిటారూ లేదు, పెడళ్ళూ లేవు. మీట నొక్కితే చెవి దగ్గర పెట్టుకొంటే తప్ప వినబడని సన్నని "స్‌స్" మాత్రమే మిగిలింది. కనుక యాంప్లిఫయరు నిర్దోషి. (పాతబడిన యాంప్లిఫయరు ఒంటరిగా ఉన్నప్పుడు కూడా గట్టిగా మూలిగితే దాని లోపలి ఫిల్టరు కెపాసిటర్లు అలసిపోయాయని అర్థమట. అటువంటి పెట్టెను మనం విప్పకూడదు. ప్లగ్గు తీసిన తరువాత కూడా ఆ కెపాసిటర్లలో విద్యుత్తు నిలిచి ఉంటుంది.)

రెండవ మెట్టు. గిటారును ఒకే ఒక తీగతో నేరుగా యాంప్లిఫయరుకు తగిలించాము. హోరు వచ్చింది. అయితే ఒక విచిత్రం. వాడు గిటారుతో అటు తిరిగితే హోరు తగ్గుతుంది, ఇటు తిరిగితే పెరుగుతుంది. తూర్పు గోడ వైపు తిరిగినప్పుడు భరించలేము. ఆ గోడ మూలన ఇన్వర్టరు, దాని ప్రక్కన పాత స్టెబిలైజరు ఉన్నాయి.

ఇక్కడ కొంచెం వివరించాలి. గిటారు తంత్రి కింద అయస్కాంతమూ దాని చుట్టూ వెంట్రుకవంటి రాగితీగ చుట్టూ ఉంటాయి. ఉక్కు తంత్రి కదిలితే ఆ చుట్టలో అత్యల్పమైన విద్యుత్తు పుడుతుంది. దానిని పెంచి వినిపించేదే యాంప్లిఫయరు. ఆ చుట్టకు పాపం, తంత్రి కదలిక ఏదో, ట్రాన్స్‌ఫార్మరు చుట్టూ అల్లుకొన్న అయస్కాంత క్షేత్రమేదో విచక్షణ లేదు. మన దేశపు విద్యుత్తు సెకనుకు 50 ఆవృత్తులు పూర్తిచేస్తుంది. ఆ యాభైయే మనకు వినిపించే హోరు. బేస్ గిటారు నాలుగు తంత్రుల పౌనఃపున్యాలు సుమారు 41, 55, 73, 98. అంటే హోరు సరిగ్గా ఆ వాద్యం నివసించే ఇంట్లోనే వచ్చి కూర్చొంటుంది. సన్నని స్వరాల గిటారుకైతే మంద్రాన్ని కొంత కోసివేసినా నష్టం తక్కువ. బేస్ గిటారు దగ్గర ఆ పని చేస్తే హోరుతోపాటు వాద్యమే పోతుంది. అమెరికాలో విద్యుత్తు 60 ఆవృత్తులు పూర్తిచేస్తుంది గనుక, అక్కడి మన మిత్రుల ఇళ్ళలో హోరు మన హోరు కంటె సుమారు ఒకటిన్నర స్వరం హెచ్చు శ్రుతిలో ఉంటుందన్నమాట!

ఇన్వర్టరును, స్టెబిలైజరును కదిలించడం కుదరక మేమే పడమటి గదికి మారాము. హోరు సగానికి సగం తగ్గింది. మిగిలిన సగం కోసం వాడి గిటారును పరిశీలిస్తే, అది 1960లో ఫెండర్ సంస్థ తెచ్చిన జాజ్ బేస్ తరహాది. దానికి రెండు చుట్టలు, రెండు వాల్యూం మరలు. వీడు ఒకదానిని పూర్తిగా పెంచి రెండవదానిని తగ్గించి ఉంచాడు. రెండిటినీ సమానం చేయమన్నాను. ఊరకనే అన్నాను, సమత కోసం. హోరు దాదాపు మాయమైంది!

వాడికి కారణం తెలుసు, చెప్పాడు. వింటూ ఉంటే నాకు వ్యాకరణం పాఠంలాగే తోచింది. రెండవ చుట్టను మొదటిదానికి విపరీతంగా చుడతారు, దాని అయస్కాంతాన్ని కూడా తలక్రిందులుగా పెడతారు. తంత్రి ధ్వనికి రెండు వైపరీత్యాలూ వర్తిస్తాయి. నిషేధం మీద నిషేధం పడితే విధి అవుతుంది కదా, కనుక అది కలిసి బలపడుతుంది. బయటి హోరుకు మాత్రం అయస్కాంతంతో పని లేదు. దానికి ఒక్క వైపరీత్యమే వర్తిస్తుంది. కనుక రెండు చుట్టల హోరులూ ఒకదానినొకటి కొట్టివేసుకొంటాయి. గిబ్సన్ సంస్థలో పనిచేసిన సెత్ లవర్ 1955లో పేటెంటుకు దరఖాస్తు చేసిన హంబకర్ కూడా ఈ సూత్రం మీదనే నడుస్తుందట. "నఞర్థం రెండుసార్లు వస్తే ఏమవుతుందో నలభై ఏళ్ళ క్రితమే పిల్లలకు చెప్పాను. నాకు పేటెంటు ఇవ్వలేదు" అన్నాను. అప్పుడు నవ్వాడు.

మూడవ మెట్టు పెడళ్ళు. నాలుగున్నాయి. శ్రుతి చూపేది ఒకటి, ధ్వనిని అదిమి సమం చేసేది ఒకటి, గరగర పుట్టించేది ఒకటి, ఒక స్వరాన్ని పదిమంది పాడినట్టు చేసేది ఒకటి. నాలుగింటికీ కలిపి తొమ్మిది వోల్టుల అడాప్టరు ఒక్కటే. ఒక తీగకు కొసలు చీల్చి అన్నిటికీ పాలు పోస్తున్నాడు. ఒక్కొక్కటే చేర్చుతూ వెళితే గరగర పెడలు దగ్గర హోరు కాదు, దోమ పాటవంటి సన్నని కూత మొదలైంది. అడాప్టరు తీసి ఆ పెడలుకు బ్యాటరీ వేశాము, కూత పోయింది. మళ్ళీ అడాప్టరు పెట్టాము, కూత వచ్చింది. అన్వయమూ కుదిరింది, వ్యతిరేకమూ కుదిరింది. ఇక సందేహం లేదు. ఒక్కొక్క పెడలుకు వేరు వేరు దారిలో విద్యుత్తునిచ్చే పెట్టెలు ఉంటాయట, వాటి వెల ఎక్కువ. తాత్కాలికంగా బ్యాటరీలతో సరిపెట్టుకొన్నాము. కదిలిస్తే చిటపటలాడుతున్న ఒక చిన్న తీగకు టంకం వీడింది. దానిని నిజామాబాదు తీసుకువెళ్ళి మళ్ళీ టంకం వేయించుకొచ్చాడు.

ఇంతా చేసినా ఒక బుర్రుమనే ధ్వని మిగిలిపోయింది. దాని లక్షణం వేరు. గిటారుతో ఎటు తిరిగినా మారదు. వాడు తంత్రుల మీద చేయి వేస్తే తగ్గుతుంది, తీస్తే పెరుగుతుంది. తంత్రిని ముట్టుకొంటే ఆ ధ్వని కొంచెం తగ్గడం అన్ని గిటార్లకూ సహజమేనట. ఇంతగా తగ్గడం సహజం కాదట. వాడు యాంప్లిఫయరు ఇనుప అంచును తాకి, "తాతయ్యా, కొంచెం జివ్వుమంటుంది" అన్నాడు.

వంటింట్లోనుంచి మా ఇల్లాలి గొంతు వినిపించింది. "ఫ్రిజ్జు సుత జివ్వుమంటదని నేను రెండేండ్ల సంది చెప్తున్న. మీ తాత వినడు. చెప్పులేసుకొని తెరువు అంటడు."

నిజమే. అన్నాను. ఒకసారి కాదు, చాలాసార్లు అన్నాను.

నా దగ్గర చదువుకొని ఇప్పుడు కరెంటు పని చేస్తున్న ఒక శిష్యుణ్ణి పిలిపించాను. మీటరు తెచ్చి గోడ సాకెట్టులో పెట్టాడు. ఫేజుకూ న్యూట్రలుకూ నడుమ 231 వోల్టులు. సరిగ్గానే ఉంది. ఫేజుకూ ఎర్తుకూ నడుమ కూడా ఇంచుమించు అంతే చూపాలి. 118 చూపి, నిలకడ లేకుండా ఊగిసలాడింది. "సార్, మీ ఇంటికి ఎర్తు లేదు. మూడో రంధ్రం ఉంది గాని దాని వెనుక ఏం లేదు" అన్నాడు.

ఎందుకు లేదు? ఇంటి వెనుక ఎర్తు గొయ్యి ఉండాలి. ఇల్లు కట్టిన నాడు బొగ్గూ ఉప్పూ పొరలుగా వేసి ఇనుప గొట్టం పాతారు. వేసవిలో దానిలో నాలుగు బిందెల నీళ్ళు పోయమని మేస్త్రీ చెప్పాడు. కొంతకాలం పోశాను. ఆ తరువాత పెరడు బురదగా ఉంటోందని టైల్సు వేయించాను. గొయ్యి వాటి కింద పడిపోయింది, నేను మరిచిపోయాను. టైల్సు పగలగొట్టి చూస్తే గొట్టానికి తీగను బిగించిన బోల్టు తుప్పు పట్టి పొడిపొడిగా రాలిపోయింది. తీగ గాలిలో వ్రేలాడుతోంది. అంటే మా ఇంట్లో ఫ్రిజ్జుకూ గీజరుకూ మోటారుకూ కూడా నేల లేదు. వాటిలో ఏది చెడిపోయినా ఆ విద్యుత్తు వెళ్ళవలసిన దారి ముట్టుకొన్న మనిషే. నేల విడిచి సాము చేయడం అనే సామెతను ముప్పైమూడేళ్ళు పిల్లలకు సోదాహరణంగా చెప్పినవాణ్ణి. ఇంటినే నేల విడిపించి కూర్చొన్నాను.

శిష్యుడు కొత్త గొట్టం, కొత్త తీగ, కొత్త బోల్టు వేసి, గొయ్యిని మళ్ళీ బొగ్గు ఉప్పులతో నింపి నీళ్ళు పోశాడు. మీటరు ఫేజు, ఎర్తుల నడుమ 228 చూపింది. న్యూట్రలుకూ ఎర్తుకూ నడుమ రెండే వోల్టులు. ముప్పై మిల్లీయాంపియర్ల విద్యుత్తు దారి తప్పినా కరెంటును తటాలున ఆపివేసే ఒక బ్రేకరును కూడా పెట్టించాము. మీట నొక్కితే ఆ బుర్రు లేదు. మా ఇల్లాలు వెళ్ళి ఫ్రిజ్జు తలుపు మీద చేయి వేసి, ఏమీ అనకుండా తిరిగి వచ్చింది. ఆమె ఏమైనా అని ఉంటే నాకు తేలికగా ఉండేది.

కథ ఇక్కడ ముగిస్తే బాగుండేది. ఐదవ నాటి సాయంత్రం మండపం దగ్గర హోరు మళ్ళీ వచ్చింది.

అక్కడ యాంప్లిఫయరుకు ఒక ఇంటినుంచి కరెంటు, మైకుసెట్టుకు ఎదుటి ఇంటినుంచి కరెంటు. యాంప్లిఫయరు నుంచి మైకుసెట్టు మిక్సరుకు ఒక తీగ. రెండూ ఎర్తుకు తగిలే ఉన్నాయి. లోపం లేకపోవడం కాదు, రెండు ఎర్తులు ఉండడమే అక్కడి చిక్కు. రెండు ఇళ్ళ నేలలకూ కొద్దిపాటి వోల్టుల తేడా ఉంటుంది. ఆ తేడా వల్ల రెండిటినీ కలిపే తీగ పైపొర గుండా కరెంటు పారి, హోరై పలుకుతుంది. దీనిని గ్రౌండ్ లూప్ అంటారట. మైకుసెట్టు అతను అనుభవశాలి. కత్తెర తీశాడు. "ఏం లేదు తమ్మీ, ప్లగ్గు మూడో కాలు తీసేస్తే హమ్ము బంద్ అయితది" అన్నాడు. అతడు చెప్పింది అబద్ధం కాదు. అలా చేస్తే హోరు ఆగిపోతుంది.

నా కాళ్ళు వణికాయి.

1988 ఆగస్టు పదిహేను. బోధన్ ప్రాంతపు ఒక పల్లె బడిలో అప్పుడు తెలుగు పండితుణ్ణి. జెండా పండుగకు కిరాయి మైకుసెట్టు తెప్పించారు. ఏడవ తరగతి పిల్లవానికి నెలరోజులు కూర్చోబెట్టి పద్యాలు నేర్పాను. యతి దగ్గర ఎక్కడ ఆగాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో అన్నీ నేర్పాను. తీరా ఆ రోజు మైకు నిండా హోరు. పద్యం వినబడదేమోనని నా బెంగ. మైకాయన దగ్గరికి వెళ్ళి, "ముందు ఆ హోరు ఆపవయ్యా" అని గట్టిగా అన్నాను. అతడు వెనుకకు వెళ్ళి ఏదో చేశాడు. హోరు ఆగింది. "శభాష్" అన్నాను.

సన్నని తుంపర. తడి నేల. చెప్పులు లేని పిల్లవాడు వచ్చి ఇనుప స్టాండును పట్టుకొన్నాడు. మొదటి పాదం సగంలో గొంతు ఆగిపోయింది. కేక కూడా లేదు. చేయి విడివడలేదు. ఎవరో పెద్దవారు పరుగెత్తి తీగను లాగివేశారు. పిల్లవాడు బ్రతికాడు. అరచేతిలో మాత్రం కాలిన మచ్చ నిలిచిపోయింది. మరునాడు తెలిసింది. యాంప్లిఫయరు లోపల విద్యుత్తు కారుతోంది. అన్నాళ్ళూ ఎర్తు తీగ దానిని నేలలోకి పంపుతోంది. హోరు ఆపడం కోసం మైకాయన ఆ తీగను పీకివేశాడు. ఆపమన్నది నేను.

ఆ పిల్లవాడు గల్ఫుకు వెళ్ళి, సంపాదించుకొని తిరిగివచ్చాడు. బస్టాండులో కనిపిస్తే ఇప్పటికీ రెండు చేతులూ జోడించి "నమస్తే సార్" అంటాడు. నేను ఆ చేతుల వైపు చూడలేను. ఇన్నేళ్ళలో ఈ సంగతి ఎవరికీ పూర్తిగా చెప్పలేదు. ఆ సాయంత్రం మండపం ప్రక్కన నిలబడి మా మనుమడికీ మైకుసెట్టు అతనికీ చెప్పాను. అతడు కత్తెర జేబులో పెట్టుకొన్నాడు.

తరువాతి పని పదినిమిషాలది. రెండిటికీ ఒకే ఇంటినుంచి, ఒకే బోర్డు మీదినుంచి కరెంటు ఇచ్చాము. హోరు చాలామేరకు పోయింది. మిగిలినదాని కోసం మైకుసెట్టు అతని దగ్గర ఉన్న డి.ఐ. బాక్సును ఆ నడిమి తీగ దారిలో పెట్టి, దాని మీది గ్రౌండ్ లిఫ్ట్ మీట నొక్కారు. పేరు విని నేను ఉలిక్కిపడితే మనుమడు భేదం చెప్పాడు. ఆ మీట విడదీసేది ధ్వనిని మోసే తీగ పైపొరను మాత్రమే. యాంప్లిఫయరు ఎర్తూ మిక్సరు ఎర్తూ ప్లగ్గుల ద్వారా నేలకు అంటుకొనే ఉంటాయి. ఒకటి కబురు మోసే దారి, ఇంకొకటి ప్రాణం కాచే దారి. విడదీస్తే మొదటిదానిని విడదీయవచ్చు. రెండవదానిని ఎన్నటికీ తెంచరాదు.

ఆ రాత్రి వాడు వాయించిన పాటలలో నాకు సగం అర్థం కాలేదు. కాని పాటల నడుమ నిశ్శబ్దం వచ్చినప్పుడల్లా చెవి ఒగ్గి విన్నాను. అది మంచి నిశ్శబ్దం. నోరు నొక్కినందువల్ల వచ్చినది కాదు, చెప్పవలసింది చెప్పి ముగించినందువల్ల వచ్చినది. యంత్రమైనా మనిషైనా మూలుగుతుంటే, మూలుగు ఆపడం వేరు, నొప్పి తీర్చడం వేరు. ఇంట్లో ఒకామె రెండేళ్ళు చెప్పినా వినని వానికి ఈ భేదం చెప్పడానికి ఒక బేస్ గిటారు హైదరాబాదు నుంచి రావలసి వచ్చింది.

మిత్రులారా, మీ ఇంట ఫ్రిజ్జు గాని గీజరు గాని తాకితే జివ్వుమంటే చెప్పులు వెదకకండి. పని తెలిసినవాణ్ణి పిలిపించి మీటరు పెట్టించండి. ఎర్తు గొయ్యి ఎక్కడుందో ఇంట్లో అందరికీ చూపించండి. నేను ఇప్పుడు ప్రతి ఆదివారం ఉదయం సంధ్య వార్చుకొన్న తరువాత ఆ గొయ్యిలో ఒక బిందె నీళ్ళు పోస్తున్నాను. మొన్న మా ఇల్లాలు చూసి, "తులసమ్మకన్న దానికే ఎక్కువ పోస్తున్నవు" అన్నది. ఈమారు మాత్రం ఆమె మాటను శ్రద్ధగా విన్నాను. తులసికి కూడా ఒక బిందె పోశాను.